చేతిలో ఇంకో చెయ్యి

ఆసుపత్రిలో ఆమెను అందరూ సూదక్క అనే పిలుస్తారు. రక్తపరీక్షల గదిలో సూది గుచ్చి రక్తం తీసే ఉద్యోగం ఆమెది. ముసలివాళ్ళ చేతుల్లో నరం ఓ పట్టాన దొరకదు. అది రక్తనాళమే గానీ, జనమంతా నరమనే అంటారు కాబట్టి మనమూ అలాగే అనుకుందాం. మిగతావాళ్ళు దీపం దగ్గరికి లాక్కుని కళ్ళు చిట్లించి వెతుకుతారు. సూదక్క మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ వేళ్ళతో వెతికేది. "ఇదిగో, దొరికావు. ఇంక కదలకు" అని నరంతోనే మాట్లాడేది. చెయ్యి చాచినవాళ్ళు నవ్వేలోపు పని అయిపోయేది. ఆమె అన్నమంతా ఆ వేళ్ళ కొసల్లోనే ఉంది.

అలాంటి మనిషి చనిపోయిన తమ్ముడి మోటారు సైకిలు ఎక్కింది.

తమ్ముడిది స్పోర్ట్స్ బైకు. ట్యాంకు మీద బోర్లా పడుకున్నట్టు ముందుకు వంగి నడపాలి. హ్యాండిల్ కిందికి దిగి ఉంటుంది. వాడు ఏ ఉద్యోగంలోనూ కుదురుగా ఉన్నవాడు కాదు. ఆ ఉదయం కళ్ళజోళ్ళ దుకాణంలో పని మానేశానని ఇంట్లో చెప్పాడు. తండ్రి బస్సు డ్రైవరుగా జీవితమంతా పనిచేసి దిగిపోయిన మనిషి. కంచం ముందు నుంచి తలెత్తకుండానే "నీ చేత ఏదీ కాదురా. ఎక్కడికైనా పోయి చావు" అన్నాడు. కోపమొచ్చినప్పుడల్లా తండ్రులు అనే మాటే. కొడుకులు ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేసే మాటే. వాడు హెల్మెట్ తీసుకుని బయటికి వెళ్ళాడు. మధ్యాహ్నం కొండదారిలో, రాళ్ళ క్వారీ పైనున్న మలుపు దగ్గర, గోడ దాటి కింద పడిపోయాడు. బండి మాత్రం గోడకు తగిలి పైనే ఆగిపోయింది. నాలుగు గీతలు, ఒక వంగిన లివరు, అంతే.

వేగమే కారణమని పోలీసులు రాసుకున్నారు. తండ్రికి ఆ మాట చాల్లేదు. ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఆ మలుపు దగ్గరికి వెళ్ళి, నడుం వంచి రోడ్డంతా చూసుకుంటూ నడిచాడు. ఇంటికొచ్చి కూతురితో ఒకటే అన్నాడు.

"బ్రేకు గీత లేదు."

అంటే వాడు ఆపాలనుకోలేదని. ఇంత బతుకూ రోడ్డు మీదే గడిపిన మనిషికి ఆ సంగతి ఇంకెవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత ఆయన మాట్లాడటం మానేశాడు. పిలిస్తే పలికేవాడు, పెడితే తినేవాడు. తల్లి వాళ్ళ చిన్నప్పుడే పోయింది. ఇల్లంతా కలిపి ఇప్పుడు వీళ్ళిద్దరే.

పోలీసులు బండి తిరిగిచ్చినప్పుడు ఆయన "తుక్కుకిచ్చెయ్" అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆసుపత్రి కొత్త కట్టడం కొండకు అవతల. రెండు బస్సులు మారాలి. పైగా ఆ బండి నడపడం ఆమెకు తమ్ముడే నేర్పాడు. ఖాళీ మైదానంలో వెనక పరిగెడుతూ "అక్కా, క్లచ్చి మెల్లగా వదులు! అది నీ పేషెంటు కాదు, ఏడవదు!" అని అరిచేవాడు. మొదటిరోజు ఆమె బండి బయటికి తీస్తుంటే తండ్రి గడప దగ్గర నిలబడ్డాడు. ఇద్దరు పిల్లలకూ సైకిలు నేర్పినప్పుడు చెప్పిన మాటే మళ్ళీ చెప్పాడు.

"గట్టిగా పట్టుకో."

ఆమె గట్టిగానే పట్టుకుంది. ఆ మలుపు మీదుగానే వెళ్ళాలి మరి. ఇంటి దగ్గర బిగించిన పిడికిలి ఆసుపత్రి గేటు దాకా వదిలేది కాదు.

కొండ ఎక్కడం మొదలుపెట్టాక చిటికెన వేలు ముందు మొద్దుబారేది. తర్వాత దాని పక్క వేలు. చర్మం కింద చీమలు పాకినట్టుండేది. కాసేపటికి ఆ చీమలు కూడా పోయి, ఆ రెండు వేళ్ళూ తనవి కానట్టుండేవి. ఆమె తొడుక్కున్నవి తమ్ముడి గ్లవ్సే. ఆమెకు పెద్దవి, అరచేతిలో ముడతలు పడి ఒత్తుకునేవి. వాడి వేళ్ళ వంపు ఆ తోలులో ఇంకా అలాగే ఉంది. ఒకరోజు క్వారీ మలుపు దాటుతుంటే, ఆ గ్లవ్సులో తన చేతితో పాటు ఇంకో చెయ్యి ఉన్నట్టనిపించింది. హ్యాండిల్ పట్టుకున్నది తను కాదు, తన చేతిలోంచి వాడు.

మొదట్లో ఒళ్ళు జలదరించింది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత ఎదురుచూడటం మొదలైంది. చిటికెన వేలు బరువెక్కగానే హెల్మెట్ లోపల "వచ్చావా?" అనేది. ఇంటి సంగతులు చెప్పేది. "నాన్న ఇవాళ కూడా సగమే తిన్నాడురా" అనేది. దగ్గరదారి వదిలేసి చుట్టుదారిన వచ్చిన రోజులున్నాయి. బండి ఆపి చేతులు దులుపుకుంటే వేళ్ళకు ప్రాణమొస్తుందని తెలుసు. దులుపుకునేది కాదు. దులిపితే వాడు వెళ్ళిపోతాడు.

ఆ మొద్దుతనం మిగతా వేళ్ళకూ పాకి, ఆసుపత్రికి చేరాక కూడా వదలకపోవడం మొదలైంది. ఒక పెద్దావిడ చేతిలో నరం దొరకలేదు. ఇంకోచోట వెతికింది, అక్కడా లేదు. సూదక్క చేతిలో అలా జరగడం ఎవరూ చూడలేదు. పెద్దావిడ చెయ్యి నీలంగా కమిలిపోయింది. "ఏం ఫరవాలేదమ్మా, నా నరాలే అలాంటివి" అని ఆవిడే ఓదార్చింది. సూదక్కకు తలకొట్టేసినట్టయింది.

అయినా చుట్టుదారి మానలేదు. అసలు సంగతి మలుపు దగ్గర తెలిసింది.

ఎండ బాగా కాస్తున్న ఉదయం. ఎదురుగా నీళ్ళ లారీ ఒకటి మలుపులో సగం రోడ్డు ఆక్రమించుకుని వచ్చింది. ఆమె కుడిచేత్తో బ్రేకు నొక్కింది. నొక్కానని గట్టిగా నమ్మింది. బండి ఆగలేదు. ఎందుకు ఆగట్లేదో అర్థంకాక కిందికి చూస్తే, వేళ్ళు లివరు మీద ఊరికే ఆనుకుని ఉన్నాయి. ముడుచుకోలేదు. కాలు దానంతటదే వెనక బ్రేకును తొక్కింది. టైరు కీచుమంది. బండి గోడ పక్కన ఒరిగి నిలబడింది. లారీ డ్రైవరు తిడుతూ వెళ్ళిపోయాడు.

ఆమె దిగి వెనక్కి చూసింది. రోడ్డు మీద వంకర్లు పోతూ నల్లటి గీత. కాలు పనిచేసింది కాబట్టి పడిన గీత. ఒకవేళ చేతి మీదే ఆధారపడి ఉంటే అది కూడా ఉండేది కాదు. ఆ ఆలోచన తట్టగానే గోడ మీద కూర్చుండిపోయింది. కింద క్వారీలో నీళ్ళు పచ్చగా, కదలకుండా ఉన్నాయి.

ఆసుపత్రిలోనే ఉన్న నరాల డాక్టరమ్మ ఆమె మణికట్టు మీద తట్టి చూసింది.

"ఏమ్మా సూదక్కా, నువ్వు రోజూ పట్టుకునే నరం వేరు, ఈ నరం వేరు. ఇది అరచేతి అడుగున, చిటికెన వేలి వైపునుంచి వెళ్తుంది. బండి మీద ఒంటి బరువంతా తీసుకెళ్ళి చేతుల మీద పడేస్తున్నావు, ఆపైన పిడికిలి బిగిస్తున్నావు. అది నలిగి నలిగి మూగబోయింది. ఇంకా ఆలస్యం చేస్తే అలాగే ఉండిపోతుంది. నీ ఉద్యోగానికి వేళ్ళు కావాలా వద్దా?"

"కావాలి మేడమ్."

"అయితే పట్టు వదులు. చేతులున్నది బండిని తిప్పడానికి. నిన్ను మొయ్యడానికి కాదు."

ఆమె నేరుగా తమ్ముడి స్నేహితుడి షెడ్డుకు వెళ్ళింది. ఆ బండి బాగోగులన్నీ చూసేది ఆ మెకానిక్కే. సంగతంతా విని అతను చేతిలో ఉన్న స్పానరు కింద పెట్టేశాడు.

"వాడికీ ఇలాగే ఉండేదక్కా. ఇక్కడే కూర్చుని చేతులు దులుపుకునేవాడు. నా వేళ్ళు నాకంటే ముందే నిద్రపోతున్నాయిరా అని జోకులేసేవాడు. లివర్ల వాటం మారుద్దాం, తీసుకురా అన్నాను. తెస్తానన్నాడు."

"కాలి బ్రేకు వాడేవాడా?"

"వాడా? వాడికి కాలి బ్రేకు ఉందన్న సంగతే గుర్తుండేది కాదు. ఎంత వేగంలోనైనా రెండు వేళ్ళతో ఆపేవాడు."

అతను లివర్లు కొంచెం కిందికి వంచి, మణికట్టు మడత పడకుండా సరిచేశాడు. దళసరి మెత్తటి గ్రిప్పులు వేశాడు. బండి వణుకు చేతిదాకా రాకుండా హ్యాండిల్ కొసలకు బరువులు బిగించాడు. ఆమెను ఎక్కించి, మోకాళ్ళతో ట్యాంకును అదిమి పట్టించి, మోచేతులు వంచమన్నాడు. "బరువంతా తొడలు, నడుము మొయ్యాలి. చేతులు ఊరికే పిట్టను పట్టుకున్నట్టు పట్టుకో. మధ్యలో ఆగు, దిగు, దులుపుకో. ఆ గ్లవ్సు పారెయ్, నీ చేతికి సరిపడేవి కొనుక్కో." చివరి మాట అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి తండ్రి తలుపు బందులకు నూనె వేస్తున్నాడు. దారంతా ఆమె ఏం చెప్పాలో అనుకుంటూనే వచ్చింది. ఏం చెప్పకూడదో కూడా అనుకుంది.

"నాన్నా, ఇటు రా. ఒకసారి దీని మీద కూర్చో."

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆయన కూర్చున్నాడు. ముందుకు వంగగానే ఒంటి బరువంతా అరచేతుల మీదికి వచ్చింది. అలవాటు కొద్దీ పిడికిళ్ళు బిగిశాయి. ఆమె ఇంజను స్టార్ట్ చేసి పక్కన నిలబడింది. ఆయన పిడికిలి సడలించకుండా చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు.

"చీమలు పాకుతున్నాయి" అన్నాడాయన చివరికి.

"నాకూ అంతే నాన్నా. ఇవాళ మలుపులో బ్రేకు నొక్కాననుకున్నాను. నొక్కలేదు. వేళ్ళకు తెలియలేదు. వాడికీ చేతులు ఇలాగే మొద్దుబారేవట, మెకానిక్కు చెప్పాడు. వాడు ఆపాలనే చూసుంటాడు. చేత కాలేదంతే."

'చేత కాలేదు' అన్నాక గానీ, ఆ రోజు కంచం ముందు ఆయన అన్న మాట అదేనని ఆమెకు గుర్తు రాలేదు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఇంజను అలా మోగుతూనే ఉంది.

"మరి పట్టు వదులుగా ఉండాలా?" అన్నాడు.

ఆమె చెయ్యి తాళం మీదికి వెళ్ళింది. దాచాలనుకున్నది అదొక్కటే.

"నేను గట్టిగా పట్టుకోమన్నాను" అన్నాడాయన. చేతులు మాత్రం హ్యాండిల్ మీంచి తియ్యలేదు. ఆమె తాళం తిప్పి ఇంజను ఆపేసి, ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పింది.

నిజంగా అలాగే జరిగిందని ఎవరు చెప్పగలరు? ఆ మలుపులో వాడొక్కడే ఉన్నాడు. అయినా ఆ రోజు నుంచి తండ్రి కొడుకు ఊసెత్తడం మొదలుపెట్టాడు. వాడి చిన్నప్పటి అల్లర్లు చెప్పి నవ్వుతాడు. నవ్వు మధ్యలో ఆగిపోతుంది. ఒక బరువు దించుకుని ఇంకోటి ఎత్తుకున్నాడని ఆమెకు తెలుసు. రెండోది కొంచెం చిన్నదని ఆమె ఆశ.

ఆమె చేతులు బాగుపడ్డాయి. కొత్త గ్లవ్సు కొనుక్కుంది. కొండ మొదట్లో ఒకసారి, అవతలి దిగుడులో ఒకసారి ఆగి చేతులు దులుపుకుంటుంది. ఆసుపత్రిలో నరాలు మళ్ళీ దొరుకుతున్నాయి. కానీ మొదటిసారి చేతులు తేలిగ్గా ఉండి మలుపు దాటిన రోజున, హెల్మెట్ లోపల "వచ్చావా?" అంటే ఎవరూ రాలేదు. వాడు పోయినప్పుడు కూడా అంతగా ఏడవని మనిషి, బండి పక్కకు తీసి అప్పుడు ఏడ్చింది. ఇప్పటికీ కొన్ని రోజులు, తిన్నగా పోయే రోడ్డు మీద, తెలిసి తెలిసి పిడికిలి బిగిస్తుంది. చిటికెన వేలు బరువెక్కే దాకా బిగిస్తుంది. భయమేసి వదిలేస్తుంది.

సాయంత్రం బండి చప్పుడు వినగానే తండ్రి గేటు దగ్గరికొస్తాడు. ఆమె గ్లవ్సు తీసేదాకా ఆగి, చెయ్యి తన చేతిలోకి తీసుకుని బొటనవేలు నుంచి మొదలుపెట్టి ఒక్కో వేలు కొస నొక్కుతాడు.

"తెలుస్తోందా?"

"తెలుస్తోంది నాన్నా."

"ఇది?"

"తెలుస్తోంది."

చిటికెన వేలు దగ్గరికొచ్చాక ఆయన ఏమీ అడగడు. పట్టుకుని నిలబడతాడు. ఆమె కూడా లాక్కోదు.