తోడల్లుడితో అటక మీద

ఉగాండా పోయి వచ్చిన తోడల్లుణ్ణి చూడడానికి భివండి బయలుదేరాను. చూడడానికి అంటే ప్రేమ కొద్దీ అనుకోకండి. మా మరదలు లలిత భర్త రాజేశం నాకంటే చిన్నవాడు. అక్కడి మిల్లులో మగ్గాలు బాగుచేయడానికి విమానమెక్కి పోయాడు. సిరిసిల్లలో నాలుగు మగ్గాల మధ్య నిలబడి నేను రెండేళ్లుగా ఆ విమానం సంగతే వింటున్నాను. దీపావళికి అల్లుళ్లిద్దరూ రావాలని భివండిలో ఉండే మామ ఫోన్ చేశాడు. మగ్గాలు చూసుకోవడానికి మా ఆవిడ ఆగిపోయింది.

"మొహం జర నవ్వుకుంట పెట్టుకో" అని బస్సెక్కించింది.

సాయంత్రం నాలుగు గంటల బస్సుకు సికింద్రాబాద్, అక్కడి నుంచి ముంబై రైలు. జనరల్ డబ్బాలో ముందే పోయి కూర్చోకపోతే నిలబడే పోవాలి. పక్కన షోలాపూర్ పోయే ముసలాయన పేపరు చదువుతున్నాడు.

"ఉగాండల ఎబోలా అని రోగమొచ్చిందట. గాలికి సుత అంటుతదట" అన్నాడు.

"మా తోడల్లుడు ఆడికెల్లే వచ్చిండు. ఆయన్నే చూడవోతున్న" అన్నాను, కొంచెం గొప్పగానే. ముసలాయన పేపరు మడిచి, సంచి తీసుకుని డబ్బా ఆ చివరికి పోయాడు. నాకు కిటికీ దొరికింది. రాజేశం వల్ల నాకు కలిగిన మొదటి లాభం అదే.

పొద్దున తొమ్మిదింటికి కల్యాణ్‌లో దిగి వడాపావ్ తిని, ఎర్ర బస్సులో భివండి ధామన్కర్ నాకా చేరాను. అక్కడి నుంచి గైబీ నగర్‌కు ఆటో. మగ్గాల చప్పుడులో మాట వినపడదు, ఆటోవాడికి చేత్తోనే దారి చూపాలి. కింద మామ షెడ్డు, పన్నెండు మగ్గాలు. వెనకాల ఇల్లు, దాని మీద నిచ్చెన వేసిన అటక.

రాజేశం తోలు బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అలయ్ బలయ్ ఇద్దామని చేతులు చాపితే రెండడుగులు వెనక్కి జరిగి దండం పెట్టాడు. చాయ్ వేరే గ్లాసులో తాగాడు. ఐదేళ్ల కూతురు చిట్టి "పప్పా" అని మీదికి ఉరికితే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. పడుకునేది కూడా ఒక్కడే, అటక మీద. నాకు ఒళ్లు మండిపోయింది.

"విమానమెక్కినంక మన గ్లాసులు పనికొస్తలేవా?" అన్నాను. తన గ్లాసు తానే కడుక్కుని పోయాడు.

పండుగకు పనివాళ్లు ఊళ్లకు పోయారు. మామ ఒక్కడే షెడ్డులో తిరుగుతున్నాడు. కండె మీది దారం అయిపోయి ఒక మగ్గం ఆగింది. రాజేశం అలవాటుగా పోయి, పడుగులో అటూ ఇటూ ఉరికే నాడెలో కొత్త కండె పెట్టి, నాడె చిల్లికి నోరు పెట్టి దారం బయటికి పీల్చి మగ్గం నడిపాడు. మగ్గాల మీద అందరం అట్లాగే చేస్తాం. ఒకరు పీల్చిన నాడెనే ఇంకొకరూ పీలుస్తారు, తుడిచేవాళ్లు ఉండరు.

"రెండేండ్లయినా చేయి మర్వలే" అని మామ మురిసిపోయాడు. ఆ మురిపెం నేను తట్టుకోలేకపోయాను. మగ్గం మళ్లీ ఆగగానే నేనే ముందు పోయి, అదే నాడె అందుకుని, అందరికంటే గట్టిగా పీల్చాను. రాజేశం ఆపబోయినట్టు ఒక అడుగు ముందుకు వేశాడు.

భోజనాలయ్యాక అటక మీది నుంచి కేక వినపడింది. "అన్నా, నాకు చలిజ్వరం వచ్చింది. నువ్వు సుత పైకి రా. కింద ఎవ్వరిని ముట్టకు."

ఎక్కి పోయాను. దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు.

"ఆడ రోగమొచ్చినోళ్లను నేను ముట్టలేదన్నా. అయినా మూడు వారాలు అందరికీ దూరముందామనుకున్న. లలితకొక్కదానికే చెప్పిన, గల్లీల భయపడ్తరని. చేతులైతె కట్టేసుకున్న, నోటి సంగతి మర్చిపోయిన. నువ్వు నాడె పట్టంగనే చెప్పాల్సుండె. అందరి ముంగట నోరు రాలే."

గబగబా నోరు తుడుచుకున్నాను. పిల్లలు గుర్తొచ్చారు. ఇంత భయంలోనూ, చచ్చినా వీడి వెనకే చావాలా అని ఏడుపొచ్చింది.

గల్లీ చివరి డాక్టరు చేతులకు తొడుగులు వేసుకుని వచ్చి రాజేశం రక్తం తీసుకున్నాడు. ఎబోలా గాలికి రాదని, రోగి రక్తం, ఉమ్మి, చెమట తగిలితే వస్తుందని, జ్వరం రాకముందు ఒకరి నుంచి ఒకరికి అంటుకోదని హిందీలో విడమరిచి చెప్పాడు. నా ప్రాణం సగం కుదుటపడింది. అయినా రిపోర్టు వచ్చేదాకా ఇద్దరినీ కిందికి దిగొద్దన్నాడు. పండుగకు ల్యాబ్ బంద్.

దీపావళి పొద్దున అత్తమ్మ నిచ్చెన కింద నిలబడి హారతి పళ్లెం పైకెత్తింది. పెద్దల్లుణ్ణి నేను. పళ్లెం ముందు రాజేశం వైపే తిరిగింది. లలిత ఎస్టీడీ బూత్ నుంచి మా ఇంటికి ఫోన్ చేసి వచ్చింది.

"అక్క ఏడ్చింది బావా. చిట్టి పప్పాకు ఎట్లున్నదని రెండుసార్లు అడిగింది."

"నా సంగతి?"

"అడుగుతుంటెనే లైన్ కట్టయింది."

చిట్టి నిచ్చెన మొదట్లో కూర్చుని "పప్పా, నీచే ఆవో నా" అని కిందికి పిలుస్తూనే ఉంది. నన్నెవరూ పిలవలేదు.

మర్నాడు రిపోర్టు వచ్చింది. మలేరియా. అత్తమ్మ దేవుడి ముందు సాగిలపడింది. గోళీలకు జ్వరం దిగింది, మేమూ దిగాం. రాజేశం ఇనుప తీగ వంచి ఒక కొక్కెం చేసి, నాడెలో నుంచి దారం దానితో లాగి చూపించాడు. మెల్లగానే అయినా పని జరుగుతుంది. భివండి షెడ్డులకు పోయేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. మర్యాదకు ఎవరైనా నాడె చేతికిస్తే, నోరు కాకుండా కొక్కెం వాడండి.

తిరుగు ప్రయాణంలో నన్ను బస్సెక్కించడానికి తండ్రీ కూతురూ ధామన్కర్ నాకా దాకా వచ్చారు. కొక్కెం ఒకటి కాగితంలో చుట్టి, కిటికీ అంచు మీద పెట్టి వెనక్కి జరిగాడు రాజేశం. నేను చిట్టిని దగ్గరికి రమ్మని చేయి చాపాను. ఆమె రాలేదు. తండ్రికి మూరెడు దూరంలో, అచ్చం ఆయనలాగే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"పప్పాకు ఇంకా మూడు హఫ్తాలు కాలేదు పెద్దబాపూ. గందుకే నేను సుత ఎవ్వరిని ముట్టుకుంటలేను."

బస్సు కదిలింది. విమానం మీద ఈర్ష్య అటక మీదే ఎక్కడో పోయింది. ఆ చిన్న చేతులు చూసినప్పుడు మొదలైన మంట మాత్రం కల్యాణ్ దాటినా తగ్గలేదు. సిరిసిల్లలో దిగగానే నా పిల్లలూ ఉరికి వస్తారు. వచ్చి నా మీద కాదు, నా సంచి మీద పడతారు.