గ్రీకుల పళ్లూ నా పళ్లూ

కంప్యూటరు ముందు కూర్చోవడం వచ్చిన ప్రతివాడికీ విమానం టిక్కెట్టు దొరికిన కాలం అది. నాకూ దొరికింది. సింగపూరు వచ్చి, ఆంగ్ మో కియో అనే పేటలో ఒక చిన్న కంపెనీలో చేరాను. అప్పటికి నా ఆస్తి మూడు చొక్కాలు, నోటి నిండా గోధుమరంగు చారల పళ్లు. (నల్గొండ పల్లెల్లో ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగినవాళ్లకు తెలుసు, అవి ఎంత తోమినా పోవు.) మా మేనేజరుది కాకినాడ. ఎప్పుడూ టై కట్టుకునే ఉంటారని చాటుగా 'టై బాబాయి' అనేవాళ్లం. క్లయింటు వస్తే చాలు, నాకు వెనక కుర్చీ చూపించి, "నువ్వు మాత్రం నవ్వకు నాన్నా, కంపెనీ పరువు పోద్ది," అనేవారు.

ఆ ఏడు ఒక ప్రొఫెసరమ్మ పని మాకొచ్చింది. పూర్వం గ్రీకులు ఓడలెక్కి వెళ్లి ఇటలీ తీరాన స్థిరపడిన ఊళ్లో ఆవిడ సమాధులు తవ్వించింది. ఆ అస్థిపంజరాల్లో వలస వచ్చినవాళ్లెవరు, అక్కడే పుట్టినవాళ్లెవరు అని తేల్చడం ఆవిడ పని. ఆ వివరాలు నమోదు చేసే ప్రోగ్రాం రాయడం నా పని. నేను 'పెరిగిన చోటు' అని ఒక గడి పెడితే టై బాబాయి తీసేయించారు. "పాతిపెట్టిన చోటు ఉందిగా! చచ్చినోడు ఎక్కడ పెరిగితే మనకేంటి?"

మీటింగులో ఆవిడ సరిగ్గా అదే అడిగింది. "పెరిగిన చోటు ఎక్కడ రాయాలి?"

"పాతిపెట్టిన చోటు గడిలోనే మేడమ్, రెండూ ఒకటే," అన్నారు బాబాయి తడుముకోకుండా.

నేను లేచాను.

"కూర్చోరా," అన్నారాయన తెలుగులో.

"కూసోను సార్. ఎన్నాళ్లని నోరు మూస్కోవాలె?" అని, ఆవిడ వైపు తిరిగి చెవుల దాకా ఇకిలించాను. (ఉద్యోగం పోతే వీసా కూడా పోతుందని ఇకిలించాక గుర్తొచ్చింది.) వచ్చీరాని ఇంగ్లీషులో, "రేపు నేనిక్కడ చస్తే ఈ ప్రోగ్రాం నన్ను సింగపూరువాడంటుంది మేడమ్. నా పళ్లేమంటున్నాయో చూడండి," అన్నాను.

ఆవిడ బ్యాగులోంచి చిన్న టార్చి తీసి, అందరి ముందూ నా నోట్లోకి తొంగిచూసింది. "చిన్నప్పుడు తాగిన నీటి గుర్తు పంటిలో ఉండిపోతుంది. నేను వెతికేది సరిగ్గా ఇలాంటిదే!" అంది మురిసిపోతూ. గడి తిరిగొచ్చింది. దాంతోపాటు రెండు వారాల చాకిరీ కూడా. ("నువ్వే అడిగావుగా, చెయ్యి," అన్నారు బాబాయి.)

ఇప్పుడు సింగపూరులోనే, బిషాన్ అనే పేటలో ఉంటున్నాను. నేనూ మేనేజర్నే, టై కూడా కడతాను. నా మీటింగులో అలాంటి కుర్రాడెవడైనా లేస్తే, బహుశా నేనూ కూర్చోమనే అంటాను. వాడు కూర్చోకపోతే మాత్రం, లోలోపల ఈల వేస్తాను.