సగం ఖాళీ బోయింగ్

గన్‌ఫౌండ్రీ నుంచి అబిడ్స్‌కు వచ్చే దారిలో, చెప్పుల దుకాణం పైన ఒక కోచింగ్ సెంటర్ ఉంది. పైలట్ కావాలనుకునే పిల్లలను అక్కడ రాతపరీక్షకు తయారుచేస్తారు. ఎంత బరువుతో, ఎంత ఎండలో, ఎంత రన్‌వే మీద విమానం లేస్తుందో లెక్కగట్టే పాఠం ఏళ్లుగా శ్యామ్‌సుందర్‌దే. ఆయన మాత్రం విమానం నడపలేదు. ఆ అవకాశం కంటి పరీక్షలో పోయింది.

ఆయన దగ్గర చదువుకున్న విజయేందర్ ఇప్పుడు ఎయిర్‌బస్ నడుపుతున్నాడు. సెలవు దొరికితే వచ్చి క్లాసు చెబుతాడు. ఆ రోజు పిల్లలు గుమ్మం దాకా నిండిపోతారు. పక్క గదిలో ఉన్న శ్యామ్‌సుందర్‌కు ఆ నవ్వులు వినపడతాయి. విజయేందర్ ఇస్త్రీ చొక్కా చూసినా ఆయనకు ఒళ్లు మండుతుంది.

ఆదివారం బ్యాచ్ ఎవరికివ్వాలో తేల్చడానికి యజమాని భావనారాయణ ఇద్దరినీ చెరో పాఠం చెప్పమన్నాడు. అంశం ఒకటే. ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 ఇంచుమించు ఒకే సైజు. ఏది తక్కువ రన్‌వేలో లేస్తుంది?

ముందు వంతు శ్యామ్‌సుందర్‌ది. బోయింగే గెలవాలని ఇంట్లోనే అనుకుని వచ్చాడు. బోర్డు నిండా గీతలు గీసి, పక్కన బరువులు వేశాడు.

"చూసిన్రా? ఎయిర్‌బస్ ఇంకా ఉరుకుతనే ఉంది. బోయింగ్ గాల్లకు లేచింది," అన్నాడు, వెనక బెంచీలోని విజయేందర్‌ను చూస్తూ.

ముందు వరసలోంచి వైశాలి చెయ్యెత్తింది. "సార్, ఎయిర్‌బస్‌ల సీట్లన్నీ నింపిన్రు. బోయింగ్ సగం ఖాళీగుంది. గిట్లెట్ల పోలుస్తం?"

"కిక్కిరిసిన అఫ్జల్‌గంజ్ బస్సుకు, ఖాళీ ఆటోకు పందెం!" అన్నారెవరో. క్లాసు గొల్లుమంది.

పోల్చాలంటే ఒకే బరువు, ఒకే ఎండ, ఒకే రన్‌వే. ఇది ఆయన మొదటి రోజే పిల్లలకు చెప్పే మాట.

విజయేందర్ లేచాడు. "జర ఆగున్రి. సార్ కావాల్నని తప్పేసిన్రు. మా బ్యాచ్‌ల గూడ గిట్లనే చేసేటోళ్లు, ఎవరు పట్టుకుంటరో చూద్దామని. శభాష్ వైశాలీ!"

చప్పట్లు మోగాయి. భావనారాయణ మెచ్చుకోలుగా తలూపాడు. నోరు మూసుకుంటే ఆదివారం బ్యాచ్ శ్యామ్‌సుందర్‌దే.

తప్పు దొరికినందుకు ఆయనకు అంత మంట లేదు. వాడు దాన్ని అంత తేలిగ్గా కప్పేశాడు, అదీ మంట.

"వీడు అబద్ధమాడుతున్నడు," అన్నాడు. "వీడి విమానం ఓడాల్నని నేనే బోయింగ్ బరువు తగ్గించిన."

"సార్, ఎందుకు సార్ గిట్ల..."

"కూసో రా. నీ మెహర్బానీ నాకొద్దు."

భావనారాయణ ఆదివారం బ్యాచ్‌ను విజయేందర్‌కు ఇచ్చాడు. శ్యామ్‌సుందర్ సార్ నిజాయితీ గల మనిషని పిల్లలు మెట్లు దిగుతూ చెప్పుకున్నారు. ఆయన వాళ్లను దాటుకుని కిందికి వెళ్లాడు. చాయ్ దుకాణంలో, వెనకే వచ్చిన విజయేందర్ జేబులో చెయ్యి పెట్టేలోపే తన చాయ్ పైసలు బల్ల మీద పెట్టి, నాంపల్లి వైపు నడిచాడు.