మిస్ చేతి మీద తేలు

గనులు జోరుగా నడుస్తున్న రోజుల్లో నేను బళ్ళారి సత్యనారాయణపేటలో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో టీచరుగా చేరాను. చిన్నప్పుడు మా అవ్వ పొడిపించిన తేలు పచ్చబొట్టు నా ముంజేతి మీద ఉంది. హెడ్‌మిస్ట్రెస్ మేడం దాన్ని చూసి, “పేరెంట్స్ ఏమన్నా అనుకుంటారమ్మా, పొడుగు చేతుల జాకెట్టు వేసుకో” అన్నారు. అంత ఎండలోనూ అలాగే వేసుకున్నాను.

ఒకరోజు ఉక్క పట్టలేక చేతులు పైకి మడిచి బోర్డు మీద రాస్తుంటే, ముందు బెంచీలో పాప “మిస్, తేలు!” అని అరిచింది. క్లాసంతా ఒకటే గోల. మర్నాడు ఆ పాప తల్లి వచ్చిందని మేడం నన్ను పిలిపించారు. ఉద్యోగం పోయిందనుకుంటూనే వెళ్ళాను.

వాళ్ళకు ఖనిజం తోలే లారీలున్నాయి. ఆవిడ ముంజేతి నిండా ఉన్న బంగారు గాజులు పైకి తోసి, కింద దాగిన పచ్చబొట్టు చూపించింది.

“ఇది చూస్తే అందరూ నవ్తారు, బడికాడికి రావద్దని మా పాప అంటాండె మిస్. నిన్న ఇంటికొచ్చి, ‘మా మిస్‌కీ ఉండాది, నువ్వూ రామ్మా’ అనింది. అందుకే వచ్చినా.”

మేడం నవ్వేసి, “రేపట్నుంచి నీకు నచ్చిన జాకెట్టు వేసుకోమ్మా” అన్నారు.

మర్నాడు పొట్టి చేతుల జాకెట్టుతో వెళితే, ఆ పాప నా తేలును వేలితో తాకి, కుట్టలేదని క్లాసుకంతా చెప్పింది.