తాళం వేసిన సినిమాలో మా అమ్మ

మా అమ్మ దేన్నయినా చూడాలంటే దానివైపు చూడదు. కళ్ల నడిమి చూపు పోయి, అంచుల చూపు మిగిలింది. బియ్యంలో రాళ్లు ఏరుతూ గోడకేసి చూస్తుంది, నాతో మాట్లాడుతూ కిటికీవైపు తిరుగుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఆమెకు తమతో మాట్లాడటం ఇష్టం లేదనుకుని తొందరగా లేచిపోతారు. పోయిన చూపు రాదనీ, మిగిలింది ఎన్నాళ్లుంటుందో చెప్పలేమనీ కంటి దవాఖానలో అన్న రోజు ఆమె ఇంటికొచ్చి అద్దం ముందు చాలాసేపు నిలబడింది.

"మొకం ఉండాల్సిన కాడ పొగ ఉన్నదే" అంది చివరికి, కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా.

నాది కంప్యూటరు పని. ఇబ్రహీంపట్నంలో మా ఇంట్లోంచే చేస్తాను. జీతం వచ్చే పని అయిపోయాక, ఎక్కడెక్కడో ఉన్న నలుగురు స్నేహితులతో కలిసి ఒక బ్రౌజరు తయారుచేస్తుంటాను. బ్రౌజరంటే ఇంటర్నెట్టులోకి తెరుచుకునే కిటికీ. లోకమంతా పెద్ద కంపెనీల కిటికీల్లోంచే చూస్తుంది. మాది ఏ కంపెనీదీ కాదు. దాని లోపలి రాతంతా ఎవరైనా చదవచ్చు, మార్చుకోవచ్చు. అమ్మ కోసం నేను దాంట్లో ఒక ఏర్పాటు చేశాను. తెరమీద కదిలే ప్రతి బొమ్మనూ అది పట్టుకుని, మనుషుల అంచులను కాటుక దిద్దినట్టు లావుగా గీసి, వెలుగునీడలు పెంచి మళ్లీ చూపిస్తుంది. మొదటిసారి దాంట్లో ఎవరో చేపల పులుసు వండే వీడియో పెడితే, అమ్మ తల పక్కకు తిప్పి చూసి, "గీమె ముక్కు జర పెద్దగున్నది" అని నవ్వింది. ఆ ముక్కును చూసి నాకు ఏడుపొచ్చింది.

ఆ ధైర్యంతోనే అమ్మ తన కోరిక బయటపెట్టింది. నేను పుట్టకముందు, చెరువు మీద బతికే మావాళ్లను సినిమావాళ్లు వ్యాన్లెక్కించి తీసుకుపోయారట. యాచారం అవతల ఖాళీ నేలలో సంత సెట్టు వేసి, మా ఆడవాళ్ల ముందు చేపల గంపలు పెట్టి కూర్చోబెట్టారట. అమ్మకు అప్పుడు కొత్తగా పెళ్లయింది. ఆ సినిమా ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో, మా ఇంట్లో ఎవరూ చూడలేదు. ఆ వయసులో ఆమె ఫొటో ఒక్కటి కూడా లేదు. ఇప్పుడది ఇంటర్నెట్టులో, చందా కట్టి చూసేచోట ఉందని పక్కింటామె చెప్పింది. ఆమె కోస్తా నుంచి వచ్చి మా కాలనీలో ఇల్లు కట్టుకున్న మనిషి. పాత సినిమాలన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

"కండ్లు మొత్తం పోకముందు నా మొకం నేను ఒక్కపారి చూస్కుంటనే. గంతే" అంది అమ్మ.

ఒక మధ్యాహ్నం మా బ్రౌజరులో ఆ సినిమా పెట్టాను. పైన, విమానం నడపడం నేర్పే నాదర్‌గుల్ మైదానం వైపు నుంచి వచ్చిన చిన్న విమానం ఎండలో నిద్రపోతూ తిరుగుతున్నట్టు గుయ్యిమంటోంది. సినిమా పేరు వచ్చింది. ఆ తర్వాత తెర నల్లబడి, ఈ బ్రౌజరులో ఈ వీడియో ఆడదని కింద ఒక వాక్యం వచ్చింది.

"చీకటి సీనా?" అని అడిగింది అమ్మ.

"సీను కాదమ్మా. తాళం."

ఇలాంటి సినిమాలు తాళం వేసుకునే వస్తాయి, దొంగ కాపీలు తీయకుండా. ఆ తాళం తీసే పనిముట్టు ఒక మూసిన పెట్టెలాంటిది. అది బ్రౌజరు లోపల ఉండాలి, దాని లోపల ఏముందో మాత్రం ఎవరూ చూడకూడదు. అలాంటి పెట్టెలు చేసేవి కొన్ని పెద్ద కంపెనీలే, తమతో ఒప్పందం ఉన్న బ్రౌజర్లకే వాటిని ఇస్తాయి. లోపలి రాతంతా తెరిచిపెట్టుకున్న మాలాంటివాళ్లను నమ్మరు. ఎవరైనా దాన్ని మార్చి, తాళం తీసిన బొమ్మను మధ్యదారిలో ఎత్తుకుపోతారని వాళ్ల భయం. ఆ భయం ఉత్తదని నేననలేను. అమ్మ కోసం నేను చేసేదీ బొమ్మను మధ్యదారిలో పట్టుకోవడమే కదా! ఎత్తుకుపోయే చేతికీ, అంచులు దిద్దే చేతికీ తేడా తాళానికి తెలియదు. పెద్ద బ్రౌజర్లలో ఆ సినిమా శుభ్రంగా ఆడుతుంది, కానీ అక్కడ నేను బొమ్మను ముట్టుకోలేను. ముట్టుకోగలిగినచోట అది ఆడదు. ఆ పెద్దవాటిలో పెట్టి చూపిస్తే, అమ్మకు ల్యాప్‌టాప్ మీద మబ్బులు పోతున్నట్టు కనిపించిందంతే.

కంపెనీవాళ్ల అనుమతి కావాలని చెప్పేసరికి అమ్మ ముఖం విప్పారింది. "అవ్, గట్ల చెప్పు! పరీక్ష ఉంటది."

మా చెరువులో చేపలు పట్టాలంటే సొసైటీలో సభ్యత్వం ఉండాలి. సభ్యత్వం కావాలంటే, అధికారులు గట్టుమీద కుర్చీలేసుకుని కూర్చుంటే, వాళ్ల ముందు వల అల్లి, వల విసిరి, నీళ్లలో ఈది చూపించాలి. పోయిన మా నాన్న అలాగే సభ్యుడయ్యాడు. అమ్మ లెక్కలో లోకమంతా అంతే. పని వచ్చినవాళ్లకు పరీక్ష పెడతారు, నెగ్గినవాళ్లను చెరువులోకి రానిస్తారు.

ఆ పెట్టెలు చేసే ఒక కంపెనీకి నేను మెయిలు రాశాను. ఇక రోజూ ఒకటే ప్రశ్న: "పరీక్షకు పిలిచిండ్రా?" పరీక్షలేమీ ఉండవంటే, చదవడం ఎగ్గొట్టడానికి అలా అంటున్నానని అనుమానపడింది. చివరికి సొసైటీ పెద్దమనిషిని పిలిపించింది. ఆయన నాకు చిన్నాయన వరస. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి, చాయ్ తాగి, నా ల్యాప్‌టాప్ ముందు గంభీరంగా కూర్చున్నాడు.

"సార్లను జూడకు బిడ్డా, నీళ్లను జూడు" అన్నాడు. "చెయ్యి వణుకుతదని ఫికర్ చెయ్యకు. ఒక్కపారి విసిరితే వణుకు పోతది."

"వల కాదు చిన్నాయనా, బ్రౌజరు."

"ఏదైతేంది? పని నీదే గద."

కావాలంటే సొసైటీవాళ్లంతా వచ్చి, మా పిల్ల పనిమంతురాలని సార్లకు చెబుతారట. నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయాను. అక్కడ నిలబడ్డాక మాత్రం, నిజంగానే ఎక్కడో అలాంటి గట్టొకటి ఉంటే ఎంత బాగుండునోననిపించింది.

ఆ రోజుల్లో మధ్యాహ్నం కునుకు పడితే ఒకే కల వచ్చేది. నీళ్లమీద పల్చటి మంచు. కుర్చీల్లో ముఖాలు లేని సార్లు. మా బ్రౌజరును భుజాన వేసుకుని నేను మోకాళ్ల లోతుకు దిగుతాను. విసిరితే అది గుండ్రంగా విచ్చుకుని, చప్పుడు లేకుండా మునుగుతుంది. లాగితే బొచ్చె చేపలూ కొర్రమీనులూ ఉండవు, వల నిండా చిన్న చిన్న వెలుగు బొమ్మలు, అన్నిట్లోనూ ఒకే ఆడమనిషి. ముఖం చూద్దామని వంగేసరికి మెలకువ వచ్చేది. లేచి చూస్తే అమ్మ వాకిట్లో కూర్చుని, రోడ్డును చూడటం కోసం ఇంట్లోకి చూస్తూ ఉండేది.

జవాబు వానాకాలం దాటాక వచ్చింది. మర్యాదగా రెండు ముక్కలు. మీలాంటి బ్రౌజర్లకు ఇవ్వడం లేదని. అమ్మకు చదివి చెప్పాను.

"అంటే, పరీక్ష పెట్టకుండనే ఫెయిలు చేసిండ్రా?"

"అవ్."

"గిదేం సొసైటీనే!"

నాకూ ఒళ్లు మండిపోయింది. సినిమాలు వాళ్లవే, తాళాలు వాళ్లిష్టం, కాదనను. మా అమ్మ ముఖానికి కూడా తాళం పడిందే, అది మాత్రం నేను సహించలేకపోయాను. ఈలోగా ఆమె అంచుల చూపు కూడా తరిగిపోతోంది. దండెం మీది చీర రంగు చెప్పాలంటే దగ్గరికి పోయి ముట్టుకోవాల్సి వస్తోంది.

అప్పుడు పక్కింటామె పిలిచింది. "మా టీవీ గోడంత ఉంది కదండీ పిన్నిగారూ. దగ్గరగా కూర్చుని చూద్దురుగాని, రండి." ఆ టీవీకి తాళం తీసే అనుమతి ఉంది, అంచులు దిద్దడం దానికి రాదు. అయినా ఒక సాయంత్రం పోయాం. అమ్మ పెట్టెలోని పట్టుచీర తీసి కట్టుకుంది. టీవీకి మూరెడు దూరంలో ఆమెకు కుర్చీ వేశారు. చూడాలంటే తల పక్కకు తిప్పుతుంది కాబట్టి, నేను ఆ పక్కనే కూర్చున్నాను.

సంత వచ్చింది. దుమ్ము, గంపలు, ఎవరినో తరుముతూ హీరో. వరసగా కూర్చున్న ఆడవాళ్లందరూ తలలు వంచుకుని చేపలు సర్దుతున్నారు. ఒకామె మాత్రం తలెత్తింది. నాకంటే చాలా చిన్నది. చెంపలకు పసుపు, నుదుటన చెమట. సూటిగా నావైపు చూసింది. అదే క్షణంలో, ఆమెను చూడాలని తల తిప్పిన అమ్మ కూడా నావైపే చూస్తోంది. ఇద్దరూ ఒక్కసారే నన్ను చూశారు. అంతలో హీరో అడ్డొచ్చాడు.

"నేనొచ్చిన్నా?" అంది అమ్మ. "నాకు రంగులే కనవడ్డయ్. మొకాలు కనవడలే."

వెనక్కి తెచ్చి మళ్లీ పెట్టాను. మళ్లీ రంగులే. ఇంకోసారి పెట్టబోతే చేత్తో వద్దంది. ఇంతా చేసి ఆమెను ఇక్కడిదాకా తెచ్చింది దీనికేనా అనిపించింది.

"ఒక్కటి చెప్పు బిడ్డా" అంది. "కెమెరా మిషన్ దిక్కు చూడొద్దని మాకు మస్తు గట్టిగ చెప్పిండ్రు. నేను చూసిన. తిట్టిండ్రు. చూసినదాన్ని సినిమాలకెల్లి తీసేస్తమన్నరు. తీసేసిండ్రనే అనుకున్న గిన్నేండ్లు." ఆగి, పెదవులు తడుపుకుంది. "ఉంచిండ్రా?"

"ఉంచిండ్రమ్మా. అందరు తలకాయలు వంచుకున్నరు. నువ్వొక్కదానివే చూస్తున్నవ్."

"భయపడ్డట్టున్ననా?"

"లే. మస్తు పొగరుగున్నవ్."

అమ్మ ముఖమంతా నవ్వింది, కళ్లు మాత్రం కారిపోతున్నాయి. పక్కింటామె మంచినీళ్లు తేబోతే వద్దని, కొంగుతో తుడుచుకుని, నా చేతిలోని రిమోటును తడిమి పట్టుకుంది.

"చాలు" అంది. "ఇగ బంద్ చెయ్యి."