అరుంధతి కనిపించిన పెళ్లి

పెన్‌పహాడ్‌లో మా చెల్లెలి బిడ్డ పెళ్లి చూసొచ్చినప్పటి నుంచి నాకు కడుపు మండిపోతోంది. చీకటి పడ్డాక పంతులు అరుంధతిని చూపిస్తే, ఆ పిల్ల "గదే, గా చిన్న చుక్క!" అంటూ నిజంగానే చూసింది. వాళ్లింటి లైట్లన్నిటికీ పైన మూతలున్నాయి, వెలుగంతా నేల మీదే పడుతుంది.

"నడిచే కాళ్లకు కనవడితే సాలదా అక్కా? ఆకాశానికి లైటెందుకు?" అని నవ్వింది చెల్లెలు.

ఆ నవ్వు నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. సూర్యాపేటలో నా బిడ్డ పెళ్లికి ఫంక్షన్ హాల్ గోడల నిండా పైకి కొట్టే లైట్లు పెట్టించాం. ఆ వెలుగులో ఆకాశంలో ఒక్క చుక్కా మిగల్లేదు. పంతులు వేలు చూపగానే బిడ్డా అల్లుడూ భక్తిగా దండం పెట్టింది ఎదురు బిల్డింగ్ మీది సెల్ టవర్ ఎర్ర లైటుకు.