బాపు వేసిన పెట్రోల్ పైపు

మా బాపు నాకు వదిలిపోయిన కారులో ఇద్దరికే చోటు. ఇంగ్లండులో తయారైన పాత స్పోర్ట్స్ కారు, పైకప్పు లేదు, రంగు ఎరుపు. బాపు నల్గొండలో ఒక వకీలు దగ్గర ముప్పై ఏళ్లు డ్రైవరుగా చేశాడు. ఆ వకీలుకు పిల్లల్లేరు. పోయేముందు కారును బాపు పేర రాసిచ్చాడు. ఆ కారు వస్తుంటే దేవరకొండలో గొర్ల మంద కూడా పక్కకు జరిగేదని బాపు గొప్పలు పోయేవాడు. నిజానికి గొర్లు జరిగేవి కావు, బాపే హారన్ కొట్టి కొట్టి అలిసిపోయేవాడు.

తెలంగాణ వచ్చిన రెండో ఏడు ఎండాకాలంలో నల్గొండ రోడ్డు మీద ఆ కారుకు నిప్పంటుకుంది. తమ్ముడు నడుపుతున్నాడు, బాపు పక్కన కూర్చున్నాడు. బానెట్ కింద మంట లేస్తే తమ్ముడు ముందు బాపును దింపి, తర్వాత చేతులతో మట్టి ఎత్తిపోసి ఆర్పాడు. రెండు చేతులూ మణికట్ల దాకా కాలాయి. వాడు లారీ డ్రైవరు, ఆ చేతులే వాడి బతుకు.

"ఇంజన్ వేడెక్కిందని బండి ఆపినం. వీడు బానెట్ లేపి, ఆడనే సిగరెట్ ముట్టిచ్చిండు" అని దవాఖానలో బాపు అందరికీ చెప్పాడు. వాడికి సిగరెట్ అలవాటు ఉన్నమాట నిజమే కనుక ఎవరూ ఇంకేమీ అడగలేదు. వాడూ నోరు విప్పలేదు. నేను మాత్రం ఊరుకోలేదు. కట్లు కట్టిన చేతులతో వాడు మంచం మీద ఉంటే, "నీ చేతులు కాలితె కాలినయి, ముసలాయన పానం బోతుండె గదరా" అన్నాను. నా నోరు అలాంటిది.

ఆ తర్వాత వాడి వేళ్లు ముడుచుకుపోయాయి. స్టీరింగ్ పట్టలేక, మోత్కూర్ దగ్గర అత్తగారి ఊరికి వెళ్లి గొర్లు పెంచుకుంటున్నాడు. మళ్లీ మా గడప తొక్కలేదు. బాపు కారుకు టార్పాలిన్ కప్పాడు, బానెట్ ఎవరినీ ఎత్తనివ్వలేదు. నిరుడు పోయేముందు పదిమందిలో, "కారు బిడ్డకే. కాలవెట్టినోనికి ఇయ్య" అన్నాడు. నాకప్పుడు గర్వంగా అనిపించింది, దాచుకోవడం ఎందుకు.

ఈ ఏడు దాన్ని మళ్లీ నడిపించాలనుకున్నాను. బస్టాండు దగ్గర షెడ్డు ఉన్న ముసలి మెకానిక్‌ను పిలిచాను. ఆయన బాపు దోస్తు, చిన్నప్పటి నుంచి చాచా అనే పిలుస్తాను.

"ముందుగాల పెట్రోల్ పైపులన్నీ మార్చాలె బిడ్డా. ఇప్పటి పెట్రోల్ల స్పిరిట్ కలుపుతున్నరు, అది పాత రబ్బరును తింటది" అన్నాడు. ట్యాంకు ఖాళీ చేసి, చాప పరుచుకుని కారు కిందికి దూరాడు. నేను పక్కన కూర్చుని బోల్టులు విప్పే పానాలు అందిస్తున్నాను. కాసేపటికి ఆయన పానా పక్కన పడేశాడు.

"ఏమైంది చాచా?"

బయటికి వచ్చి రెండు ముక్కలు నా చేతిలో పెట్టాడు. ఒకటి వెనక ట్యాంకు దగ్గరిది, ఇంకా పచ్చగానే ఉంది. రెండోది ఇంజన్ దగ్గర కాలిపోగా మిగిలిన మొదలు. రెండూ ఒకే రకం పైపు, కొసలకు క్లిప్పు బదులు ఇనుప తీగ బిగించి ఉంది.

"గిది పెట్రోల్ పైపు గాదు. చేన్ల మందు గొట్టే పంపుది. పెట్రోల్ తాకితె గట్టివడి బిస్కెట్ లెక్క పగులుతది. వేడి ఇంజన్ మీద కారితె ఇంకేముంది."

"ఎవరేసిన్రు?"

చాచా నా ముఖం చూడలేదు. "తీగ రెండు సుట్లు సుట్టి ఎడమకు మెలివెట్టేది మీ బాపొక్కడే."

మంటకు ముందు వానాకాలంలో పత్తికి మందు కొట్టబోతే మా పంపు పైపు పొట్టిగా ఉందని మా ఆయన విసుక్కున్నాడు. ఎలుకలు కొరికాయన్నాడు బాపు. ఆ ఎలుకలను నేను కూడా తిట్టాను.

ముప్పై ఏళ్ల డ్రైవరు తన చేతిపని తప్పయిందని ఒప్పుకోలేక కన్నకొడుకు మీదికి నెట్టాడు. ఒళ్లు మండిపోయింది నాకు. పోయిన మనిషితో కొట్లాడేదెట్లా?

"పారెయ్యాల్నా?" అని అడిగాడు చాచా. పారేస్తే బాపు పేరు బాపుకు ఉంటుంది. నాలుగు రోజులు ఆ ముక్కలను బియ్యం డబ్బా వెనక దాచాను. అన్నం వండుతుంటే పెట్రోల్ వాసన వస్తున్నట్టే ఉండేది. చివరికి సంచిలో వేసుకుని మోత్కూర్ బస్సెక్కాను.

తమ్ముడు దొడ్డిలో గొర్రెపిల్లకు సీసాతో పాలు తాపిస్తున్నాడు. వేళ్లు వంగవు కనుక సీసాను రెండు అరచేతుల మధ్య పట్టుకున్నాడు. బస్సులో కూడగట్టుకున్న మాటలన్నీ మరిచిపోయి, పైపు ముక్కలు వాడి ముందు పెట్టాను.

"బాపు ఏసిన పైపు పగిలింది తమ్మీ. నీ తప్పేం లేదు."

వాడు వాటిని ఒకసారి చూసి మళ్లీ గొర్రెపిల్ల వైపు తిరిగాడు. "నాకెరికే. మట్టి వోసేటప్పుడే జూసిన."

"మరి అప్పుడే ఎందుకు జెప్పలె?"

"ఆయన పరువు బోతదని. ఇయ్యాల గాకుంటె రేపు ఆయనే జెప్తడనుకున్న."

పాలు అయిపోయాయి. పిల్లను మందలోకి వదిలి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"బాపు భయపడ్డడు, గట్లన్నడు. గది పోనీ. లారీ నడిపినోన్ని, పెట్రోల్ ముంగట సిగరెట్ ముట్టిస్తనా అక్కా? నువ్వెట్ల నమ్మినవ్?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "నమ్ముటానికి నాకు కష్టమే గాలె తమ్మీ" అన్నాను. వాడు తల ఊపాడు.